లంకా ముట్టడి ప్రణాళిక – విభీషణ శరణాగతి

వాల్మీకి రామాయణ యుద్ధకాండలో వానరసేన సముద్రాన్ని దాటడం అనగానే పాఠకులకు స్ఫురించేది సేతువు. వాల్మీకంలో లేని ఉడుత కథ రంగనాథ రామాయణంలో చేరడంతో తెలుగువారి ఊహలో అది భక్తిఘట్టంగా స్థిరపడింది. మూలాన్ని దండయాత్రా ప్రణాళికగా పరిశీలిస్తే, లంకా ముట్టడికి కీలకం సేతుబంధనం కంటే విభీషణుని స్వీకారమేనని తేలుతుంది.

ప్రణాళిక సమాచార సేకరణతో ఆరంభమవుతుంది. 3వ సర్గలో హనుమంతుడు లంక నాలుగు మహాద్వారాలను, రాళ్లు రువ్వే యంత్రాలను, శతఘ్నులను, అగడ్తలను వివరిస్తాడు. 4వ సర్గలో నీలుడు దారి చూస్తూ ముందు నడుస్తాడు. ఫలమూలాలు, జలం లభించే మార్గాన సేనను నడపాలనీ, శత్రువులు వాటిని విషపూరితం చేయకుండా కాపాడాలనీ రాముని ఆదేశం. 22వ సర్గ ప్రచలిత పాఠంలో నలుని సేతువు 5 రోజులలో వరుసగా 14, 20, 21, 22, 23 యోజనాలు సాగి 100 యోజనాలు పూర్తవుతుంది.

సేతువు సైన్యాన్ని ఆవలి తీరానికి చేర్చగలదే గాని, ఏ ద్వారం వద్ద ఎవరిని నిలపాలో చెప్పలేదు. హనుమంతుని సమాచారం లంకాదహనం నాటిది. తరువాతి స్థితి తెలిపినవాడు విభీషణుడు. అతడు గూఢచారి కావచ్చునన్న సుగ్రీవుని శంక సేనానాయకునికి తగినదే. 18వ సర్గలో రాముడు రాజనీతితోనే బదులిస్తాడు: తాము అతని కులంవారు కారు, అతడు రాజ్యకాంక్షి, కనుక స్వీకరించదగినవాడు. 19వ సర్గలో అతనిని రాక్షసుల బలాబలాలు అడుగుతాడు. శరణాగతిని ధర్మఘట్టంగా మాత్రమే చదివితే ఈ ప్రశ్న మరుగునపడుతుంది. రాజనీతిగా మాత్రమే చదివితే, రావణుడే వచ్చినా అభయమిస్తానన్న మాటకు అర్థం దొరకదు. ఆ ఘట్టంలో రెండూ విడదీయరానివి.

దీని ఫలితం 37వ సర్గలో కనిపిస్తుంది. విభీషణుని నలుగురు సచివులు పక్షిరూపాలతో లంకలో ప్రవేశించి, తూర్పున ప్రహస్తుడు, దక్షిణాన మహాపార్శ్వ మహోదరులు, పడమట ఇంద్రజిత్తు, ఉత్తరాన రావణుడు ఉన్నారని తెలుసుకొని వస్తారు. అందుకు అనుగుణంగా రాముడు తూర్పున నీలుని, దక్షిణాన అంగదుని, పడమట హనుమంతుని నియమించి, ఉత్తరద్వారాన్ని లక్ష్మణసహితుడై తానే స్వీకరిస్తాడు.

అదే సర్గలో మరొక ఆజ్ఞ ఉంది. వానరులెవరూ యుద్ధంలో మానవరూపం ధరించరాదు. వానరరూపమే స్వజనాన్ని గుర్తించే చిహ్నం. శత్రువులు కామరూపులు కనుక ఈ నియమం అత్యవసరం. మానవరూపంతో పోరాడేవారు ఏడుగురే: రామలక్ష్మణులు, విభీషణుడు, అతని నలుగురు సచివులు. ఆ ఏడుగురిలో ఐదుగురు లంక నుండి వచ్చినవారు. సముద్రతీరాన సుగ్రీవుడు లేవనెత్తిన ప్రశ్న, వచ్చినవాడు మనవాడా పరుడా అన్నది. ముట్టడి ఆరంభంలో రాముడు దానికి సేనాజ్ఞ రూపంలోనే సమాధానమిచ్చాడు. శరణాగతిని ముట్టడి ప్రణాళిక నుండి వేరుచేసి చదివితే యుద్ధకాండలోని ఈ సంబంధం కనిపించదు.