దారి తెలిపే టవర్ పనివారు

నరసరావుపేట బజారులో ఫోన్ తెరపై మన స్థానాన్ని చూపే నీలిచుక్క క్షణాల్లో నిలవడం వెనుక సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జీపీఎస్ ఉపగ్రహాలే కాక, సెల్ టవర్లను కనిపెట్టుకొని ఉండే పనివారి శ్రమ కూడా ఉంది. ప్రతి ఉపగ్రహం తన కక్ష్యా వివరాలను, అనగా తాను ఏ క్షణాన ఎక్కడ ఉంటుందో తెలిపే లెక్కలను, సెకనుకు 50 బిట్ల మందగతితో పంపుతుంది కనుక, వాటిని నేరుగా అందుకోవడానికి ఫోన్‌కు దాదాపు అర నిమిషం, సంకేతం బలహీనమైతే ఇంకా ఎక్కువ పడుతుంది. ఆ వివరాలనే మొబైల్ నెట్‌వర్క్ ద్వారా ముందుగా అందించే పద్ధతిని ఏ-జీపీఎస్, అనగా సహాయక జీపీఎస్, అంటారు. టవర్‌ను బట్టి ఫోన్ ఉజ్జాయింపుగా ఎక్కడుందో కూడా తెలుస్తుంది కనుక, వెతకవలసిన ఉపగ్రహాలేవో తేలి, కొద్ది సెకన్లలోనే స్థానం దొరుకుతుంది.

ఉపగ్రహ సంకేతం ఉచితం. నెట్‌వర్క్ అందించే ఈ సహాయానికి అయ్యేది కొద్ది కిలోబైట్ల డేటా మాత్రమే. బ్యాటరీని, డేటాను అధికంగా తినేది ఆ తరువాత గంటల తరబడి తెరిచి ఉంచే మ్యాపు. మాచర్ల దాటి నల్లమల అడవిలో సిగ్నల్ అందని చోట ఫోన్ మళ్లీ ఉపగ్రహాలనే ఓపికగా ఆలకించవలసి వస్తుంది. కరెంటు పోయిన రాత్రి టవర్ బ్యాటరీలను, డీజిల్ జనరేటర్‌ను సరిచూసి, గాలివానకు పక్కకు తిరిగిన యాంటెన్నాను నిచ్చెనమెట్లెక్కి సరిదిద్దే పనివారి నైపుణ్యం, గురజాల పల్లెకు వచ్చే అంబులెన్సు డ్రైవరుకు విలువైన నిమిషాలను మిగులుస్తుంది కనుక, అది నిండు గౌరవానికి అర్హమైనది.