చేతికి కుదిరిన జాయ్‌స్టిక్

మధురపూడి విమానాశ్రయం నుంచి లేచి దక్షిణానికి తిరిగితే కాసేపటికే రాజమహేంద్రవరం వంతెనలు కుడివైపున కనిపిస్తాయి. ఆ తర్వాత ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అంటూ నాలుగు భాగాలుగా పరుచుకున్న కాటన్ బ్యారేజీ. అది దాటాక గౌతమి ఎడమకీ వసిష్ఠ కుడికీ చీలుతాయి. ఆ రెండు పాయల నడుమ, కోనసీమ తలవాకిట ఆత్రేయపురం. 2020 ఆగస్టులో వచ్చిన మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ భూగోళాన్నంతా ఉపగ్రహ చిత్రాలతో పేర్చి పెట్టింది కాబట్టి, ఈ దారిలో ఇంట్లో కుర్చీలో కూర్చునే ఎగరొచ్చు. కొత్తగా జాయ్‌స్టిక్ కొన్నవాళ్లకు నేను ముందు ఈ దారే చెబుతాను. వెయ్యి అడుగుల ఎత్తులో గౌతమి గట్టును ఎడమ రెక్క కింద ఉంచుకుని నిలకడగా సాగితే చాలంటాను.

చాలామంది సాగలేరు. ముక్కు కిందా మీదా అవుతుంది, రెక్కలు ఊగుతాయి. సరిదిద్దబోతే ఊగడం ఇంకా పెరుగుతుంది. విమానం మంచిది కాదనో, తమకు ఈ విద్య అబ్బదనో అనుకుని వదిలేస్తారు. లోపం విమానంలోనూ లేదు, వాళ్లలోనూ లేదు. జాయ్‌స్టిక్ కర్ర కదలికను విమానానికి ఏ మోతాదులో అందించాలో ఎవరూ సరిచూడలేదు, అంతే.

నిజమైన సెస్నా 172 చిన్న విమానంలో యోక్ అనే స్టీరింగ్‌ను పట్టుకుని లాగినా నెట్టినా చెయ్యి చాలా దూరం కదులుతుంది. పైగా వేగం పెరిగేకొద్దీ గాలి ఒత్తిడి చేతికి ఎదురు నిలుస్తుంది. బల్ల మీది జాయ్‌స్టిక్‌కు ఆ దూరమూ లేదు, ఆ ఎదురూ లేదు. జానెడు కర్ర కొద్ది డిగ్రీలు వంగేసరికి చివరికి చేరిపోతుంది. లోపలి స్ప్రింగు ఏ వేగంలోనైనా ఒకేలా లాగుతుంది. అంటే అసలు పైలట్ మోచేతితో చేసే పనిని మనం మణికట్టుతో, వేలికొసలతో చెయ్యాలి. ఆ తేడాను పూడ్చడానికే సెన్సిటివిటీ సెట్టింగులు పుట్టాయి.

ఇంత సన్నని చేతి లెక్క ఎలా ఉంటుందో చూడాలంటే ఆత్రేయపురంలో పూతరేకులు తీసే ఇంటికి వెళ్లాలి. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకు మంట. బియ్యప్పిండిని నీళ్లలా పలుచన చేసి, అందులో గుడ్డ ముంచి, కాగిన కుండ మీద ఒక్క ఊపున పరిచి లాగేస్తారు. రేకు క్షణంలో తేలుతుంది. పిండి చిక్కబడితే రేకు మందం, మంట ఎక్కువైతే మాడు, చెయ్యి తడబడితే చిరుగు. ఈ మూడింటినీ రేకులు తీసే ఆడవాళ్లు ఒకేసారి మార్చరు. మంట సరిగా లేదనిపిస్తే ఆకు వెనక్కి లాగుతారు, పిండి చిక్కనైతే కాసిని నీళ్లు కలుపుతారు, చెయ్యి వేగం మాత్రం మార్చరు. ఆ చేతిని మార్చకుండా ఉంచుకోవడానికే మిగతావన్నీ సవరిస్తారు. జాయ్‌స్టిక్ సవరించేవాడికి కావలసిన పద్ధతి అచ్చంగా ఇదే: చెయ్యి స్థిరంగా ఉండాలి, దాని చుట్టూ ఉన్నవి ఒక్కొక్కటిగా మారాలి.

ఇక అసలు లెక్క. కర్రను ఎంత కదిపితే విమానానికి అంత అందితే అది సరళరేఖ. కర్వ్ పెట్టడమంటే ఆ రేఖను మధ్యలో చదును చేసి, కొసల్లో నిటారుగా లేపడం. ఒక ఉదాహరణ తీసుకుందాం. సరళరేఖను సగం, ఘనాన్ని సగం కలిపామనుకోండి. కర్ర 20 శాతం కదిపితే విమానానికి 10.4 శాతమే అందుతుంది. 50 శాతానికి 31 చిల్లర. 80 శాతానికి 65.6. పూర్తిగా లాగితే మాత్రం నూటికి నూరు. మధ్యలో కదలిక సగానికి తగ్గింది కాబట్టి గట్టు వెంట నిలకడగా సాగడం, రన్‌వేకి దిగడం సులువవుతాయి. కానీ చివరి 20 శాతం కర్రలో 34 శాతానికి పైగా ప్రభావం కూరుకుపోయింది. అక్కడ చెయ్యి కాస్త జారితే విమానం ఎగిరిపడుతుంది. మధ్యలో మిగిల్చుకున్నదంతా కొసల్లో వడ్డీతో సహా కట్టాల్సిందే. అందుకే కర్వ్ ఎంత ఎక్కువైతే అంత మంచిదన్న సలహా తప్పు. నా మాట వింటే, విమానం కుదుటపడే కనీస మోతాదు దగ్గర ఆగండి.

మోతాదు తప్పితే ఏమవుతుందో చరిత్రలోనే ఉంది. 1974 జనవరి 20న అమెరికాలోని ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరంలో వైఎఫ్-16 యుద్ధవిమానాన్ని రన్‌వే మీద వేగంగా నడిపి చూడాలనుకున్నారు. ఎగరాలన్న ఉద్దేశమే లేదు. పైలట్ ఫిల్ ఓస్ట్రైకర్. ఆ విమానంలో కంట్రోల్ కర్ర దాదాపు కదలదు, చేతి ఒత్తిడిని మాత్రమే కొలుస్తుంది. రోల్‌కు (రెక్కలు పక్కకు వంగే కదలికకు) పెట్టిన మోతాదు ఎక్కువగా ఉండటంతో విమానం అటూ ఇటూ ఊగి, తోక రెక్క నేలను రాసుకుంది. నేల మీద ఆపే ప్రయత్నంకన్నా గాల్లోకి లేపడమే క్షేమమని పైలట్ నిర్ణయించి ఎగిరాడు, కొద్ది నిమిషాల్లో భద్రంగా దించాడు. తర్వాత మోతాదు తగ్గించి, ఫిబ్రవరి 2న అధికారికంగా తొలిసారి ఎగరేశారు. అనంతరం ఎఫ్-16 కర్రకు కొద్దిపాటి కదలిక కూడా ఇచ్చారు, చేతికి ఎంత ఇస్తున్నదీ తెలియాలి కదా. అంతటి ఆరితేరిన పైలట్‌ను ఊపేసిన సమస్యే మన గదిలో కొత్తవాడినీ ఊపుతోంది. ఇది పిల్లల ఆటలో చిన్న సంగతి అనే మాట నేను ఒప్పుకోను.

డెడ్ జోన్ సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. కర్ర నడిమధ్యన ఉన్నప్పుడు కూడా లోపలి సెన్సరు సన్నగా వణుకుతుంటే, ఆ వణుకును పట్టించుకోకుండా వదిలేసే జాగా అది. రాపిడితో పనిచేసే పాత పొటెన్షియోమీటర్ సెన్సర్లు అరిగేకొద్దీ వణుకు ఎక్కువవుతుంది. అయస్కాంతంతో పనిచేసే హాల్ సెన్సర్లలో రాపిడి లేదు కాబట్టి ఆ బాధ తక్కువ. వణుకు ఎంతుందో తెర మీద చూసి, అంతవరకే డెడ్ జోన్ పెట్టాలి. ఎక్కువ పెడితే మధ్యలో కర్ర కదిపినా విమానం పలకదు, ఇంకాస్త కదుపుతారు, అప్పుడొక్కసారిగా పలుకుతుంది. మళ్లీ ఊగుడే.

మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్‌లో రియాక్టివిటీ అని మరో మీట ఉంది. దాన్ని తగ్గిస్తే కదలిక మెత్తబడినట్టు ఉంటుంది. నిజానికి అది చేతికీ విమానానికీ మధ్య ఆలస్యం పెంచుతుంది. మనిషి సరిదిద్దిన ఫలితం ఆలస్యంగా కనబడితే మరికాస్త సరిదిద్దుతాడు, ఆ రెండూ కలిసి హద్దు దాటుతాయి. ఊగుడును తగ్గించాలనుకుని ఈ మీట ముట్టుకున్నవాళ్లు దాన్నే పెంచుకుంటున్నారు. నేనైతే దాని జోలికి వెళ్లొద్దంటాను.

అన్నిటికన్నా ముందు చూసుకోవలసింది ట్రిమ్. కర్ర వదిలితే ముక్కు తనంతట కిందికో మీదికో పోతోందంటే, అది సెన్సిటివిటీ సమస్య కాదు. ట్రిమ్ చక్రం తిప్పి చేతి బరువు తీసేయాలి. చెయ్యి ఎప్పుడూ లాగిపట్టుకునే ఉంటే సున్నితమైన పని ఏం చెయ్యగలదు? ట్రిమ్ సరిచేశాక కర్వ్ అక్కర్లేదని తేలిన సందర్భాలు ఎన్నో.

ఒక విమానానికి కుదిరింది మరోదానికి కుదరదు. హెలికాప్టర్‌కు నేను సరళరేఖే ఉంచుతాను, అక్కడ మధ్య జాగా చదునైతే నిలవడమే కష్టం. థ్రాటిల్‌కు కర్వ్ ఎందుకు? కర్రను మెలితిప్పి రడ్డర్ (తోక చుక్కాని) నడిపేవాళ్లకు మాత్రం రడ్డర్ మీద కాస్త ఎక్కువ కర్వ్ మేలు, ఎందుకంటే మణికట్టు మెలిపెట్టేటప్పుడు రోల్ కూడా వెంట వస్తుంది. ఈ మీటలు సిమ్యులేటర్‌కో తీరుగా ఉంటాయి. 2001లో వచ్చిన ఐఎల్-2 స్టర్మోవిక్ అనే యుద్ధవిమాన సిమ్యులేటర్‌లో ఒక్కో దిశకు పది మీటలు ఉండేవి. డీసీఎస్ సిమ్యులేటర్‌లో డెడ్ జోన్, శాచురేషన్ (గరిష్ఠ హద్దు), కర్వేచర్ వేర్వేరుగా ఉంటాయి, విమానానికో లెక్క దాచుకోవచ్చు. ఖర్చు పెట్టలేని పిల్లలకు ఫ్లైట్‌గేర్ సిమ్యులేటర్ ఉచితం. దాని జాయ్‌స్టిక్ ఫైలు తెరిచి ఘాతాంకం అంకెను స్వయంగా మార్చి చూడొచ్చు. లెక్కల పాఠంలో చదివిన వర్గం, ఘనం చేతికి తగిలే చోటు అది.

ఈ సవరణ నిజమైన విమానాలకూ తప్పదు. 2001 జనవరి 4న మన దేశపు తేజస్ యుద్ధవిమానం తొలిసారి బెంగళూరులో గాల్లోకి లేచింది. తేజస్ స్వతహాగా నిలకడ లేని విమానం, కంప్యూటర్ లేకుండా ఎగరదు. పైలట్ కర్ర కదిపితే ఎంత పలకాలన్న నియమాలను విమానం లేవకముందే సిమ్యులేటర్లలో ఏళ్ల తరబడి పరీక్షించారు. బల్ల మీద మనం చేసే సవరణా అదే కుటుంబానికి చెందిన పని.

ఇప్పుడు మీ కర్ర ముందు కూర్చోండి. అన్నిటినీ సరళరేఖకు తెచ్చి, ట్రిమ్ సరిచేసి, మధురపూడి నుంచి ఆత్రేయపురం దాకా ఒకసారి ఎగరండి. ఊగితే ముక్కును ఎత్తిదించే పిచ్‌కు మాత్రమే కొద్దిగా కర్వ్ ఇచ్చి మళ్లీ అదే దారిలో వెళ్లండి. ఒక్కసారికి ఒక్క మీటే మార్చండి, మార్చిన అంకె కాగితం మీద రాసుకోండి. కుదిరిన రోజున ఇక దాన్ని కదపకండి.