సగంలో లేచిపోయే ప్రేక్షకుడు: కొరియన్ డ్రామా నిర్మాణశిల్పం

కొరియన్ డ్రామా అనే పేరుతో తెలుగువారికి పరిచయమైన టెలివిజన్ కథారూపానికి ప్రధాన లక్షణం, ఎక్కడ ముగియాలో ముందే నిర్ణయించుకొని మొదలుకావడం. సాధారణంగా 16 ఎపిసోడ్లు, ఒక్కొక్కటి గంటకు అటూ ఇటూగా, వారానికి రెండు చొప్పున ఎనిమిది వారాల పాటు ప్రసారమవుతాయి. వాటన్నిటినీ చాలావరకు ఒకే రచయిత లేదా రచయిత్రి రాయడం వల్ల కథకు ఒకే గొంతు ఉంటుంది. స్టార్ మా చానల్‌లో 2017 నుంచి 2023 వరకు నడిచి 1,500 ఎపిసోడ్లు దాటిన 'కార్తీక దీపం' వంటి దినసరి సీరియల్‌ను ప్రేక్షకులు నిజానికి వదిలిపెట్టరు. కొన్నాళ్లు చూడడం మానేసి, పండగలయ్యాక మళ్లీ కలుస్తారు, కథ కూడా వారి కోసం అక్కడే ఆగి ఉన్నట్టు కనిపిస్తుంది. పదహారు ఎపిసోడ్ల కథకు అంత ఓపిక లేదు. కనుక నచ్చని డ్రామాను ఆరో ఎపిసోడ్ దగ్గర ఆపి మరొకటి మొదలుపెట్టిన ప్రేక్షకుడిది చపలచిత్తమని తీసిపారేయడం సరికాదు. అది ఆ కథారూపాన్ని అర్థం చేసుకున్నవారు ఇచ్చే తీర్పు.

ఇలాంటి తీర్పుకు భారతీయ నాట్య సంప్రదాయంలో గౌరవస్థానమే ఉంది. భరతుని నాట్యశాస్త్రం ప్రదర్శన సఫలం కావడాన్ని 'సిద్ధి' అని పిలిచి, దానిని ప్రేక్షకుల చిరునవ్వు, సాధువాదం, గగుర్పాటు వంటి స్పందనల ద్వారా గుర్తించాలని చెప్పింది. బాగోగులు తేల్చే పరీక్షకులను 'ప్రాశ్నికులు' అన్నది. కృష్ణా మండలంలో పద్యనాటకం వెలిగిన కాలంలో, మైలవరంలో జమీందారు పోషణతో బాలభారతీ నాటక సమాజం వర్ధిల్లిన రోజుల్లో, ఈ ప్రాశ్నికులు పందిళ్లలో చాపల మీదే కూర్చునేవారు. కథ అందరికీ తెలిసినదే గనుక తర్వాత ఏమవుతుందన్న ఉత్కంఠ వారిని కట్టిపడేసేది కాదు; పద్యం పలికితే 'వన్స్ మోర్' అనేవారు, పలకకపోతే లేచిపోయేవారు. ఆ ప్రాంతంలోనే వేణుగోపాలస్వామి కొలువైన నెమలి వంటి గ్రామాలకు స్మార్ట్‌ఫోన్ చేరాక లేచిపోవడానికి చాప కూడా చుట్టనక్కరలేదు, వేలు కదిపితే చాలు. అంత తేలిక కావడం వల్ల తీర్పు పలచబడిందనే వాదన ఒకటి ఉంది గాని, వదిలినవారు దేనిని వదిలి దేనిని పట్టుకున్నారో గమనించితే ఆ వాదన నిలవదు.

అలా గమనించడానికి కథానిర్మాణపు కొలత ఒకటి కావాలి. కొరియన్ రచనలో కథను నాలుగు అంచెలుగా నడిపే పద్ధతిని 'గి-సుంగ్-జన్-గ్యొల్' అంటారు. ఎత్తుగడ, విస్తరణ, మలుపు, ముగింపు అని వాటి అర్థం. చైనా చతుష్పాద కవిత నుంచి వచ్చిన ఈ పద్ధతి మన నాటక లక్షణ గ్రంథాలు చెప్పిన ముఖ, ప్రతిముఖ, గర్భ, విమర్శ, నిర్వహణ సంధులకు చాలా దగ్గరది. మొదట చిన్నదిగా నాటిన కారణాన్ని మన లాక్షణికులు 'బీజం' అన్నారు. కథ పక్కదారి పట్టినప్పుడు తెగిన దారాన్ని మళ్లీ అందించే అంశాన్ని 'బిందువు' అన్నారు.

ఈ కొలతతో ఒకే దర్శకుడి రెండు రచనలను పక్కపక్కన పెట్టవచ్చు. కిమ్ వన్-సక్ 2019లో భారీ వ్యయంతో రూపొందించిన 'ఆర్థ్‌దల్ క్రానికల్స్' ఒక కల్పిత ప్రాచీన భూభాగపు కథ. తెగల పేర్లు, దేవతల పేర్లు, పూర్వ యుద్ధాలు ఎత్తుగడలోనే కుప్పలుగా వచ్చిపడడంతో, మనుషుల మీద మమకారం కలగకముందే వారి వంశచరిత్రను గుర్తుపెట్టుకోవలసిన భారం ప్రేక్షకుడి మీద పడుతుంది. బీజాలు లెక్కకు మించి ఉన్నాయి, వాటిని కలిపే బిందువు మాత్రం కనబడదు. అంతకు ఏడాది ముందు, రచయిత్రి పార్క్ హే-యంగ్‌తో కలిసి అదే దర్శకుడు చేసిన 'మై మిస్టర్' ఇందుకు పూర్తిగా భిన్నమైనది. ఒక కార్యాలయంలో ఇద్దరు పార్కులు ఉండడం వల్ల ఒకరికి చేరవలసిన లంచపు కవరు మరొకరికి, అంటే పార్క్ డాంగ్-హున్ అనే మధ్యవయసు ఇంజనీరుకు, చేరుతుంది. అప్పుల్లో కూరుకుపోయిన తాత్కాలిక ఉద్యోగిని లీ జి-ఆన్ ఆ కవరును కాజేసి, తర్వాత డబ్బు కోసం అతన్ని ఇరికించడానికి అతని ఫోనులోని మాటలను రహస్యంగా వినడం మొదలుపెడుతుంది. కవరు బీజమైతే, ఆ వినడం బిందువు. కథ అన్నదమ్ముల గొడవల్లోకి వెళ్లినా, ఆఫీసు రాజకీయాల్లోకి వెళ్లినా, ఆమె చెవిలోని ఇయర్‌ఫోన్ దగ్గరికి తిరిగివస్తూనే ఉంటుంది. ఉచ్చుగా మొదలైన ఆ వినికిడి, అతని నిట్టూర్పులూ అడుగుల చప్పుడూ విని విని, తనను ఒక మనిషిగా చూసిన మరో మనిషిని తెలుసుకోవడంగా మారుతుంది. పెద్ద సంఘటనలేవీ లేకుండానే విమర్శ సంధికి కావలసిన బరువంతా అక్కడే సమకూరుతుంది. మొదటి రెండు మూడు ఎపిసోడ్లు చీకటిగా, నిదానంగా ఉంటాయనేది నిజమే. కాని నిదానం వేరు, నీరసం వేరు.

మధ్యలో కథ జావగారడానికి రచయితల అసమర్థత ఒక్కటే కారణం కాదు. ప్రసారం నడుస్తుండగానే చిత్రీకరణ జరిపే అలవాటు కొరియాలో చాలాకాలం ఉండేది, ఆ రోజు తీయవలసిన సన్నివేశాల కాగితాలు అదే రోజు నటుల చేతికి వచ్చేవి. ఆదరణ పెరిగితే కథను సాగదీయడమూ ఉంది. 2006లో మొదలైన 'జుమాంగ్' 60 ఎపిసోడ్లకు అనుకున్నది 81కి చేరింది. మన వారపత్రికల ధారావాహికలు ఎరిగినవారికి ఇదేమీ కొత్త కాదు.

వదిలినవారు తిరిగివస్తారని రచయిత్రి కిమ్ ఉన్-సుక్ ఉదాహరణ చెబుతుంది. 'గార్డియన్', 'మిస్టర్ సన్‌షైన్' వంటి విజయాల తర్వాత 2020లో ఆమె రాసిన 'ద కింగ్: ఎటర్నల్ మొనార్క్' సమాంతర లోకాల చిక్కుముడిలో, సన్నివేశాల మధ్య దూర్చిన వ్యాపార ప్రకటనల్లో చిక్కుకొని ప్రేక్షకులను పోగొట్టుకుంది, 2022 చివర వచ్చిన 'ద గ్లోరీ'లో, బడిలో హింసకు గురైన ఒక అమ్మాయి ప్రతీకారాన్ని ఒకే గీత మీద నడిపి ఆమె వారిని మళ్లీ సంపాదించుకుంది. చిన్న చానల్‌లో 2022లో వచ్చిన 'ఎక్స్‌ట్రార్డినరీ అటార్నీ వూ' మొదటి ఎపిసోడ్‌కు 0.9 శాతం రేటింగ్ రాగా చివరిదానికి 17.5 శాతం వచ్చింది. వేరే ఏదో చూస్తున్నవారు దానిని ఆపి ఇటు రాకుండా ఇంత పెరుగుదల సాధ్యం కాదు.

కిమ్ వన్-సక్ విషయంలోనూ వదిలినవారు తిరిగిరావడమే జరిగింది. 2025 మార్చిలో నెట్‌ఫ్లిక్స్‌లో ఆయన దర్శకత్వంలో 'వెన్ లైఫ్ గివ్స్ యూ టాంజరీన్స్' వచ్చింది. జెజు ద్వీపంలో పుట్టిన ఒక స్త్రీ జీవితాన్ని నాలుగు రుతువులుగా విభజించి, వారానికి నాలుగు ఎపిసోడ్ల చొప్పున నాలుగు విడతల్లో విడుదల చేశారు. ఆర్థ్‌దల్ రాజ్యాలూ యుద్ధాలూ దీనిలో లేవు. సముద్రంలో మునిగి నత్తగుల్లలు ఏరే తల్లి, చదువుకోవాలనుకునే కూతురు, కూరగాయలు అమ్మిపెట్టే కుర్రాడు ఉన్నారు, అంతే. మొదటి విడత అయ్యాక లేచిపోవడానికి ప్రేక్షకుడికి వారం రోజుల గడువు ఇచ్చి, ఆ గడువును తట్టుకోగలనన్న ధైర్యంతో నిర్మించిన కథ అది.