గరుసు బాటల మీద సైకిలు

ఫ్రాన్స్‌లో లువార్ నది వెంట సుమారు 900 కిలోమీటర్ల సైకిలు దారి ఉంది. ద్రాక్షతోటల పక్కగా, కరకట్టల మీదుగా, అక్కడక్కడా తారు ముఖం చూడని పల్లెబాటల్లో రోజుల తరబడి తొక్కుకుంటూ పోవడానికి దేశదేశాల నుంచి జనం వస్తారు. తారు లేని దారుల కోసమే లావు టైర్లూ, పొట్టేలు కొమ్ముల్లా వంగిన హ్యాండిలూ ఉన్న సైకిళ్లు తయారుచేసి, గ్రావెల్ బైక్ అని పేరుపెట్టి కంపెనీలు అమ్ముతున్నాయి. ఇదంతా పచ్చటి లోయలున్న దేశాల వేడుకనీ, ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ నమ్మకం లేకుండా పడే అనంతపురం పీఠభూమికి దీనితో పనిలేదనీ చాలామంది అభిప్రాయం. నేను అలా అనుకోను. ఈ పీఠభూమిలోని కొత్తచెరువు చుట్టుపక్కల గరుసు బాటలు ఈ విద్యకు ఎంత అనువైనవో, ఈ నేలను అర్థం చేసుకోవడానికి ఈ విద్య కూడా అంత అవసరం.

ముందు సైకిలు సంగతి చూద్దాం. మన పల్లెల్లో పాలక్యాన్లు, గడ్డిమోపులు, గ్యాస్ సిలిండర్లు మోసిన నల్ల సైకిలుకు 28 అంగుళాల చక్రం, అంగుళంన్నర టైరు. అంగుళంన్నర అంటే 38 మిల్లీమీటర్లు. నేటి గ్రావెల్ బైకుల టైర్లు ఎక్కువగా 38 నుంచి 45 మిల్లీమీటర్ల మధ్యే ఉంటాయి. పైగా నల్ల సైకిలుకు రెండు చక్రాల మధ్య దూరం ఎక్కువ, ముందు ఫోర్కు వాలు ఎక్కువ. ఇవన్నీ గుంతల దారిలో బండి నిలకడగా పోవడానికి చేసినవే. దానికి లేనిది ఒక్కటే, గేర్లు. ఆ లోటు తీర్చాలని జీవితమంతా పోరాడిన మనిషి ఫ్రాన్స్‌లోని సెయింట్ ఎటియెన్‌కు చెందిన పాల్ ద వివీ. వెలోసియో అనే కలం పేరుతో 1887 నుంచి సైకిలు పత్రిక నడిపాడు. ఎగుడుదిగుడు దేశంలో మామూలు మనిషి దూరాలు తిరగాలంటే లావు టైర్లూ, మార్చుకోగల గేర్లూ ఉండాలని వాదించాడు. పందేల నిర్వాహకులు గేర్లను బలహీనుల ఊతకర్రగా చూశారు. టూర్ ద ఫ్రాన్స్‌లో గేరు మార్చే డెరైలర్‌ను అనుమతించింది 1937లో, ఆయన పోయిన ఏడేళ్లకు. నేటి గ్రావెల్ బైకులో ఉన్నది ఆయన అడిగిన గేర్లూ, మన నల్ల సైకిలుకు ఎప్పటినుంచో ఉన్న టైరూ.

లావు టైరు ఎందుకు నడుస్తుందో తెలిస్తే సగం విద్య వచ్చినట్టే. గాలి బిర్రుగా కొట్టిన సన్నటైరు ప్రతి రాయి మీదికీ సైకిలునూ మనిషినీ కలిపి ఎత్తి పడేస్తుంది. కాళ్లు పెట్టిన బలంలో కొంత ఒళ్లు కుదుపుకే ఖర్చవుతుంది. గాలి తగ్గించిన లావు టైరు ఆ రాయిని తనలోకి అణచుకుని ముందుకు పోతుంది. గరుసు మీద మోచేతులు కాస్త వంచి, పిడికిలి వదులుగా ఉంచి, బరువు వెనక్కి వేయాలి. మలుపుకు ముందే బ్రేకు వేయాలి తప్ప మలుపులో ముందు బ్రేకు పట్టకూడదు. వంక దాటేచోట ఇసుక వస్తుందని తెలిస్తే, దిగకముందే తేలిక గేరుకు మారి, హ్యాండిలును బలవంతంగా తిప్పకుండా, తొక్కడం ఆపకుండా పోవాలి. ఎర్రగరుసు నీటిని తొందరగా దించుకుంటుంది కాబట్టి వాన వెలిసిన కాసేపటికే బాట తొక్కనిస్తుంది. అదే నల్లరేగడి అయితే మట్టి టైరుకు, ఫోర్కుకు మధ్య కూరుకుపోయి చక్రం తిరగదు. ఇక ఇక్కడి అసలు పరీక్ష పల్లేరుకాయ. బఠాణీగింజంత ఉంటుంది, ఎటు పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. దాని తీగ బీడు అంచుల్లో, బాట పక్కల్లో పాకుతుంది. అందుకే బండ్ల చక్రాలు తిరిగి గట్టిపడిన గాడిలోనే సైకిలు పోనివ్వాలి. ట్యూబు లేని టైరులో పోసే జిగురుద్రవం చిన్న రంధ్రాలను తనంతట తనే పూడుస్తుంది. అది లేనివాళ్లు ఆగినప్పుడల్లా అరచేత్తో టైరు తడిమి, ముల్లు లోపలికి దిగకముందే తీసేసుకోవాలి. సీమజాలి ముల్లు గుచ్చుకుంటే మాత్రం పంచరు కిట్టు తియ్యక తప్పదు.

ఇంత శ్రమ దేనికంటే, ఈ ప్రాంతాన్ని సైకిలు వేగంలో తప్ప మరోలా చూడలేం కాబట్టి. కర్ణాటకలో నందికొండల దగ్గర పుట్టిన చిత్రావతి పుట్టపర్తి, బుక్కపట్నం మీదుగా ధర్మవరం వైపు సాగి చివరికి పెన్నలో కలుస్తుంది. ఏడాదిలో ఎక్కువ కాలం అది ఇసుకే. కారులో వంతెన దాటినవాడికి కనిపించేది ఎండిన నది ఒక్కటే. కానీ ఈ సీమలో నీరంతా నదిలో ఉండదు, చెరువుల్లో ఉంటుంది. ఒక చెరువు నిండి మరువ (అలుగు) పారితే ఆ నీరు వంకలో పడి కింది చెరువుకు పోతుంది. కట్ట మీద తొక్కుతూ పోతే ఒకవైపు పరీవాహకం, మరోవైపు తూము కింది ఆయకట్టు. కట్ట దిగగానే మరువ, దాని వెంట వంక, ఆ వంక పక్కనే తరువాతి ఊరి బాట. పల్లం వస్తే పెడలు తేలికవుతుంది, మిట్ట వస్తే తొడలు చెబుతాయి. కంటికి సమతలంగా అనిపించే ఈ నేలలో నీరు ఏ దిక్కుకు జారుతుందో సైకిలు తొక్కేవాడికి ఒంటితోనే తెలుస్తుంది. ఈ చెరువుల లెక్క పాతదే. కడప జిల్లా పోరుమామిళ్లలో బుక్కరాయల కొడుకు భాస్కరుడు వేయించిన 1369 నాటి శాసనం మంచి చెరువుకు కావలసిన లక్షణాలు పన్నెండు, దోషాలు ఆరు చెబుతుంది. ఆ కట్ట కట్టడానికి వేయిమంది కూలీలతో పాటు రాళ్లు తోలడానికి వంద బండ్లు పనిచేశాయనీ చెబుతుంది. చెరువు పనితో పాటు బండి తిరగడానికి దారీ కావలసి వచ్చిందన్నమాట.

చూడ్డానికి ఇక్కడ ఏముందని అడిగేవాళ్లకు ఇదే సమాధానం. లువార్ లోయ అందం అడక్కుండానే కంట్లో పడుతుంది, ఇక్కడిది వెతుక్కోవాలి. ఎండ అన్నది నిజమైన అభ్యంతరం. మార్చి నుంచి జూన్ దాకా ఈ పని పెట్టుకోకూడదు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు, పొద్దున పది లోపల ముగించాలి. లక్షలు పలికే సైకిళ్లు కొనగలవాళ్ల సరదా కదా అంటే, ఆ సైకిలు అక్కర్లేదు. పాత సైకిలుకు ఐదారు పళ్లచక్రాల ఫ్రీవీలు, డెరైలరు బిగిస్తే వెలోసియో కోరినది దాదాపు దొరికినట్టే. కష్టపడి మోటారు సైకిలు కొనుక్కున్న రైతును మళ్లీ పెడలు తొక్కమనడం అన్యాయం, ఆ మాట ఎవరూ అనకూడదు. ఈ విద్య బడిపిల్లలదీ, సెలవు దొరికిన ఉద్యోగిదీ, ఊరు చూడటానికి వచ్చిన వాడిదీ. పట్నంవాళ్లు వచ్చి పల్లెదారులు పాడుచేస్తారన్న భయమే నాకు అన్నిటికన్నా బరువైనది. తడిసిన కట్ట మీద తొక్కకూడదు, గొర్రెలమంద ఎదురైతే దిగి నిలబడాలి, బాట మీద వేరుశనగ ఆరబోసి ఉంటే చుట్టూ తిరిగి పోవాలి. ఈ మర్యాద నేర్చుకోనివాడు హైవే మీదే తొక్కుకోవడం మంచిది.

ఆ భయాన్ని ఒప్పుకుంటూనే రెండో పక్క కూడా చూడాలి. రెవెన్యూ లెక్కల్లో రస్తా పోరంబోకుగా ఉన్న బండిబాటలు నేడు ఎద్దులబండ్లు లేక కంపచెట్లు కమ్మి మూసుకుపోతున్నాయి, లేదా పక్క చేను దున్నినప్పుడల్లా సాలు సాలు చొప్పున సన్నబడుతున్నాయి. ఫ్రాన్స్‌లో 1881 నాటి చట్టమే పల్లెబాటలను ఊరి ఆస్తిగా గుర్తించింది. జనం నడుస్తున్నారంటే ఆ బాట జనానిదేనన్నది అక్కడి న్యాయసూత్రం. మన దగ్గరా ఒక బాట ఉందని చెప్పడానికి పటం మీది గీత కన్నా దాని మీద తిరిగే మనుషులే గట్టి ఆధారం. పంచాయతీ గ్రామపటం తీసి, చెరువు నుంచి చెరువుకు పోయే బాటలు గుర్తించి, కంప కొట్టించి, చీలికల దగ్గర ఊరిపేరు రాసిన రాళ్లు నాటిస్తే చాలు. తారు వేయనక్కర్లేదు, వేయకూడదు కూడా. బయటినుంచి వచ్చేవాళ్లకు కొత్తచెరువు దగ్గరే 2000లో తెరిచిన శ్రీ సత్యసాయి ప్రశాంతి నిలయం రైల్వే స్టేషన్ ఉంది. సైకిలుతో రైలు దిగి నేరుగా బుక్కపట్నం చెరువు వైపు తొక్కవచ్చు.