ప్రతినాయక పక్షపాతము

ఈ కాలపు బాలురకు రామునికంటె రావణుడే ముద్దగుచున్నాడని పెద్దలు వాపోవుట మేము తరచుగా వినుచున్నాము. ఈ ఫిర్యాదునకు మూలము రామాయణము గాదు. అమెరికానుండి వచ్చి తెలుగున మాటలాడుచున్న సూపర్‌హీరో చిత్రములు. లోకమును రక్షించిన వీరుని మరచి, లోకమున సగమును మాపిన థానోసును మెచ్చుకొనుచు పిల్లలు ఇల్లు చేరుచున్నారు. వాడు చెప్పినదానిలో తప్పేమున్నదని తల్లిదండ్రుల నడుగుచున్నారు. కొందరు తండ్రులు ఇక సినిమాలే మాన్పింపవలె నందురు. కొందరు నవ్వి యూరకుందురు. మాకు రెండును సమ్మతములు గావు. పిల్లవాడు ప్రశ్న వేసినప్పుడు ఉత్తరము చెప్పుట బడిపంతులకు వృత్తిధర్మము. కావున ఆ చిత్రములలో ముఖ్యమైనవానిని చూచియే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ప్రతినాయకునిపైకి మనసు పోవుట క్రొత్త వ్యాధి గాదు. శత్రువు వంశమును, పరాక్రమమును, విద్యను ముందుగా పొగడి, అట్టివానిని గెలిచినాడని నాయకుని కొనియాడుట తనకు ప్రీతికరమని దండి కావ్యాదర్శమున చెప్పినాడు. దశరూపకకారుడైన ధనంజయుడు ప్రతినాయకుని లోభిగను, ఉద్ధతునిగను, పాపిగను నిర్వచించినను, కవులు ఆ నిర్వచనమునకు కట్టువడి యుండలేదు. భాసుని ఊరుభంగమున తొడలు విరిగి నేలపై బడియున్న దుర్యోధనుని ఒడిలో కూర్చుండవచ్చిన పసివానిని తలచుకొని కంట తడి పెట్టనివా రరుదు. మన తెలుగువారి సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. 1977లో వచ్చిన దానవీరశూరకర్ణలో ఎన్. టి. రామారావుగారు కృష్ణ, కర్ణ, దుర్యోధన పాత్రలు మూడును తామే ధరించిరి. జనులు కంఠస్థము చేసినది గీతోపదేశము గాదు; కొండవీటి వేంకటకవిగారు దుర్యోధనుని నోట పెట్టిన కులప్రశ్న. ఆ ప్రశ్న న్యాయమైనది. అడిగినవాడు ద్రౌపదిని సభకు ఈడ్పించినవాడు. ఈ రెండును ఒక్క మనుష్యునియందే యుండుట భారతమునకు ఇబ్బంది గాలేదు. దుర్యోధనుడు పాపియైనంతమాత్రమున కర్ణునకు జరిగిన అవమానము అవమానము గాకపోదు.

అమెరికా కథలలో జరిగినది మరియొకటి. సూపర్‌హీరో పుట్టిననాటి సంచికలను చూచినచో అది తేటపడును. 1938లో జెర్రీ సీగెల్, జో షుస్టర్ అను నిద్దరు యువకులు యాక్షన్ కామిక్స్ మొదటి సంచికలో సూపర్‌మ్యానును ప్రవేశపెట్టిరి. ఆ కథలో వాడు నిరపరాధినియైన యొక స్త్రీని మరణశిక్షనుండి తప్పించెను. భార్యను కొట్టుచున్న మగనికి బుద్ధి చెప్పెను. సెనేటరును లోబరచుకొనుచున్న దళారిని హడలగొట్టెను. మూడవ సంచికలో, కూలీల ప్రాణములను లక్ష్యపెట్టని గనియజమానుని వాని గనిలోనే చిక్కుకొనునట్లు చేసి, ఆ కష్టమెట్టిదో తెలియజేసెను. 1939 జనవరి సంచికలో మురికివాడ ఇండ్లను తానే కూలద్రోసి, ప్రభుత్వమచట మంచి యిండ్లు కట్టక తప్పని స్థితి కల్పించెను. ఈ పనులనే ఈనాటి చిత్రమున నెవడైన చేసినచో, వానిని పట్టుకొనుటకు నలుగురు వీరులు ముసుగులు తొడుగుకొని బయలుదేరుదురు!

యుద్ధకాలమునుండియే పలుచబడుచు వచ్చిన ఆ సంస్కారోత్సాహమునకు 1954లో గట్టి దెబ్బ తగిలెను. కామిక్ పుస్తకములవలన పిల్లలు చెడుచున్నారని అమెరికా సెనేటు విచారణ జరుపగా, ప్రకాశకులు జడిసి తమకు తామే యొక నియమావళి చేసికొనిరి. అపరాధియందు జాలి పుట్టునట్లు వ్రాయరాదు; ఎల్లప్పుడు మంచియే గెలువవలెను; పోలీసులను, న్యాయాధిపతులను, ప్రభుత్వాధికారులను గౌరవభంగమగునట్లు చూపరాదు అని అందులోని కట్టుబాట్లు. మొదటిదానిని అందరును చెప్పుకొందురు. మాకు మూడవదియే ముఖ్యముగా తోచుచున్నది. లంచగొండి సెనేటరును మందలించు పని పోయినపిదప వీరునకు మిగులున దేమి? కాపలా. ఉన్నది ఉన్నట్లు ఉండునట్లు చూచుట. ఆ నియమములను 1971లో సడలించిరి. 2011 నాటికి పూర్తిగా విడిచిరి. కాపలా యలవాటు మాత్రము విడువలేదు.

లోకము బాగుగలేదను మాట కథలో నెవడైన ననవలెను గదా. వీరుడు అననప్పుడు ప్రతినాయకుడు అనుచున్నాడు. మాగ్నిటో యనువాడు 1963లో పుట్టినప్పుడు వట్టి దుష్టుడు. 1981లో కథకులు వానికి నాజీల శిబిరమున గడచిన బాల్యము నిచ్చిరి. 2000 సంవత్సరపు ఎక్స్-మెన్ చిత్రము 1944 నాటి పోలెండులో తల్లిదండ్రులనుండి విడదీయబడుచున్న యొక బాలునితోనే ఆరంభమగును. అట్టివాడు పెద్దవాడై, తన జాతివారి పేర్లు ప్రభుత్వపు పట్టికలో నెక్కింపవలెనను శాసనమును విని మండిపడినచో, అది వెర్రి యని మేమెట్లనగలము?

ఇందుల కుత్తమోదాహరణము 2018లో రయన్ కూగ్లర్ దర్శకత్వమున వచ్చిన బ్లాక్ పాంథర్. వకాండా యను కల్పిత ఆఫ్రికా రాజ్యము అపారమైన లోహసంపదయు, ఎవరికిని లేని శాస్త్రజ్ఞానమును కలిగియుండి, బీదదేశమని లోకమును నమ్మించుచు దాగియుండును. చుట్టును నల్లజాతివారు ఓడలలో బానిసలై తరలిపోవుచున్నప్పుడును అది తలుపు తీయలేదు. 1992లో ఆ దేశపు రాజకుమారుడొకడు అమెరికాలోని ఓక్లండు నగరమున నివసించుచు, తనజాతివారి దుఃఖము చూడజాలక, వకాండా ఆయుధములను వారి కందింప జూచెను. అన్నయగు రాజు వచ్చి వానిని చంపెను. వాని పసికొడుకును అక్కడనే విడిచి పోయెను. ఆ పసివాడే కిల్‌మోంగర్. వాడు పెరిగి, అమెరికా సైన్యమున హత్యావిద్య నేర్చి, తండ్రి నాటి యూహతోనే సింహాసనమునకు వచ్చును. మీరిన్ని యేండ్లు ఎక్కడ నుంటిరని వాడు నిండుసభలో నడిగినప్పుడు, సభవారు మౌనము వహింతురు. ప్రేక్షకుని గుండె ఆ క్షణముననే పక్షము మార్చుకొనును. మారకపోయినచో వానికి గుండె లేదని మేమందుము.

ఇక కథకుల చమత్కారమును గమనింపవలెను. ప్రశ్న యింత బలమైనది గనుక ప్రశ్నించినవానిని బలహీనపరుపవలెను. అందుచేత వాడు తన ప్రియురాలిని శత్రువొకడు అడ్డముగా పట్టుకొనగా రెప్పవాల్పక కాల్చిచంపును; రాజ్యము రాగానే పవిత్రమైన మూలికాతోటకు నిప్పు పెట్టించి, తగదన్న స్త్రీ గొంతు పట్టుకొనును. ఆమె చావునకును, నల్లజాతి విమోచనమునకును సంబంధమేమి? కథకునకు మాత్రము సంబంధమున్నది. వాదమునకు సమాధానము దొరకని ప్లీడరు సాక్షి నడవడిని తవ్వి తీయును గదా! పిల్లలు ఈ యుక్తిని పేరుపెట్టి చెప్పలేకపోవచ్చును. ఏదో మోసము జరిగినదని మాత్రము వారికి తెలియును. వారి పక్షపాతమునకు సగము కారణమదియే.

ఐనను ఈ చిత్రమును తక్కినవానితో నొక్క గాట కట్టుట న్యాయము గాదు. 2017 నాటి స్పైడర్‌మ్యాన్ హోమ్‌కమింగులో, శిథిలములెత్తు గుత్తను పెద్దసంస్థకు పోగొట్టుకొన్న పనివాడు దొంగయగును. వానికి జరిగినది అన్యాయమని చిత్రమే చూపును. వాడు పట్టుబడినపిదప ఆ యన్యాయ మెవరికిని జ్ఞప్తి యుండదు. బ్లాక్ పాంథరులో నట్లు గాదు. రాజైన తచాలా పితృలోకమున తన తండ్రినే నిలువదీసి, మీరందరు తప్పు చేసితిరని చెప్పును. శత్రువు చచ్చినపిదప ఓక్లండులో, పినతండ్రి హతుడైన యింటినే కొని, అచట సేవాకేంద్రము స్థాపించును. ప్రతినాయకుని ప్రశ్నకు నాయకుడు తలయొగ్గుట ఈ జాతి చిత్రములలో మేము చూచినంతలో అరుదు.

థానోసునెడల మాకట్టి దయ లేదు. 2018లోనే వచ్చిన ఎవెంజర్స్ ఇన్ఫినిటీ వార్ తెలుగుప్రతిలో వానికి గొంతు నిచ్చినవారు బాహుబలిలో భల్లాలదేవులైన రానాగారు; ఆ గంభీరస్వరమున నే మాటయైనను ధర్మసూక్ష్మమువలె వినబడును. తిండి కొద్ది, నోళ్లు పెక్కు. కావున ప్రాణికోటిలో సగమును తీసివేసినచో మిగిలినవారు సుఖపడుదురని వాని సిద్ధాంతము. 1798లో మాల్థసు వ్రాసినదే ఇంకను క్రూరమై మరల వచ్చినది. దీనికి లెక్కలతో ఉత్తరము చెప్పువారు చిత్రమున లేరు. తరగతిలో మేము చెప్పుచున్నాము. 2018లో భూమిపై మనుష్యులు సుమారు 760 కోట్లు. అందు సగము 380 కోట్లు. 1970లోనే లోకమున 370 కోట్లమంది యుండిరి. అనగా ఇంత మారణహోమము చేసి వాడు సాధించినది ఏబదియేండ్లకు లోపడిన గడువు! అప్పుడు మాత్రము ఆకలి లేకుండెనా? పైగా వాడు తీసివేసినది ప్రాణులన్నిటిలోను సగము గదా. దున్ను ఎద్దును, పండించు రైతును సగముచేసి అన్నము మిగులునందువేమయ్యా అని యడిగితిమి. వెనుకబల్లమీది బాలుడొకడు, ఎద్దులు లేకున్న ట్రాక్టరున్నదికదా యనెను. నడపువాడేడీ యని ముందుబల్లవాడే ఉత్తరము చెప్పెను.

వాని సిద్ధాంత మంత పేలవమైనదైనను పిల్లల మనసెందుకు కరగినది? వాడేడ్చినాడు గనుక. మణికొరకు పెంచిన కూతురిని కొండకొమ్మునుండి త్రోసి, వాడు కన్నీరు కార్చును. కరుణరసమునకు స్థాయి శోకము. ఆ శోకించువాడు ధర్మాత్ముడై యుండవలెనను నియమము మన ఆలంకారికులు పెట్టలేదు. కావున కరగుటలో తప్పులేదు. కరగినంతమాత్రమున వాని లెక్క సరియనుకొనుటలోనే తప్పున్నది. 2019 నాటి జోకర్ చిత్రము ఈ రెంటి నడిమి గీతను బుద్ధిపూర్వకముగ చెరిపివేసినది. మతి చెడిన పేదవానికి నగరము మందులును మాటసాయమును నిలిపివేయుట చూచి మేమును బాధపడితిమి. వాక్విన్ ఫీనిక్సు నటన అసామాన్యము, దానికి ఆస్కారు బహుమానమును వచ్చినది. కాని వాడు తుపాకి పట్టినపిదప కెమెరాయే వాని వెంటబడి, మెట్లమీద వానిచే నాట్యమాడించి, మనచే చప్పట్లు కొట్టింపజూచును. మందులు లేక బాధపడు నితర రోగులు వేలకొలది యుందురు; వారెవ్వరును హంతకులు గారు. వారికథ ఎవరు తీయుదురు?

ఇందుచేతనే, పిల్లల జాలిని మందలింపవలదని మేము తల్లిదండ్రులను కోరుచున్నాము. వాడేమి అడిగెను, ఏమి చేసెను అను రెండు ప్రశ్నలను వేరువేరుగా వేయుడు. మూడవదియు నొకటి కలదు: ఆ మాటనే చేతికి నెత్తు రంటకుండ చెప్పినవా రా కథలో మరి యెవరైన నున్నారా? బ్లాక్ పాంథరులో నున్నారు. ఆమె పేరు నకియా. కథారంభముననే ఆమె నైజీరియాలో చెరపట్టబడిన స్త్రీలను విడిపించు పనిలో నుండును. కిల్‌మోంగరు వకాండాకు రాకపూర్వమే, ఇంత కలిమి యున్న మనము లేనివారికి సాయము చేయవలదా, శరణు నీయవలదా అని రాజు నడుగును. మన బ్రదుకుతీరు మారిపోవునని రాజు మాట తప్పించును. తుదకు ఓక్లండులో రాజు చేసినపని ఆమె చెప్పినదే. దానిని నడపు భారమును ఆమెకే అప్పగించును. ఆ చిత్రము చూచివచ్చిన బాలురు మాతో కిల్‌మోంగరును గూర్చి గంటలకొలది వాదించినారు. నకియా పేరెత్తినవా డొక్కడును లేడు.