స్ట్రీమ్: ఎగువ ఎటు, దిగువ ఎటు

స్ట్రీమ్ అన్న ఇంగ్లిష్ మాటకు మొదటి అర్థం పారే నీరు. నది అనిపించుకునేంత పెద్దది కాదు, గట్ల మధ్య వాలు పట్టుకుని సాగిపోతుంది. ఈ ఒక్క మాటకు తెలుగులో నాలుగైదు ఉన్నాయి. వానాకాలం ఉరికి, ఎండాకాలం ఇసుక తేలేది వాగు. కొండ రాళ్ల మీదుగా దూకేది సెలయేరు. చిన్నదైతే వంక, తెలంగాణ పల్లెల్లో ఒర్రె. మనిషి తవ్వితే కాలువ. తెలుగు నీటి తీరును చూసి పేరు పెట్టింది. ఇంగ్లిష్ మాట మాత్రం కదలికను పట్టుకుంది. తెగకుండా సాగడం, ఒకే దిక్కుకు సాగడం అన్న రెండు గుణాలే దానికి ముఖ్యం. అవి నీటికి మాత్రమే ఉండేవి కావు కాబట్టి ఆ మాట చాలా చోట్లకు పాకింది. హైదరాబాద్‌లోని రాయదుర్గం, గచ్చిబౌలి, మాదాపూర్ ఆఫీసుల్లో పూటకోసారైనా వినిపించే స్ట్రీమింగ్, అప్‌స్ట్రీమ్, డౌన్‌స్ట్రీమ్ అలా వచ్చినవే.

పుట్టుక చూస్తే ఈ మాట తెలుగుకు మరీ పరాయిది కాదు. పారడం అనే అర్థమున్న సంస్కృత ధాతువు స్రు, ఇంగ్లిష్ స్ట్రీమ్, జర్మన్ స్ట్రోమ్ ఒకే ప్రాచీన మూలం నుంచి వచ్చాయని భాషాశాస్త్రం చెబుతుంది. స్రావం, స్రోతస్సు, స్రవంతి ఆ ధాతువువే. జర్మన్ వాళ్లు విద్యుత్తును కూడా స్ట్రోమ్ అనే అంటారు. మన ఇళ్లలో కరెంటు అనే మాటకూ మూలార్థం ప్రవాహమే. స్ట్రీమ్‌కు స్రవంతి అన్న అనువాదం రెండు చోట్ల బాగా కుదిరింది. ఒకటి మెయిన్‌స్ట్రీమ్‌కు పత్రికలు వాడే జనజీవన స్రవంతి. రెండోది చైతన్య స్రవంతి. మనసులో ఆలోచనలు తెగకుండా సాగే తీరుకు ఆ పేరును విలియం జేమ్స్ 1890లో తన మనస్తత్వశాస్త్ర గ్రంథంతో స్థిరపరిచాడు. తర్వాత అది నవలా శిల్పానికి పేరైంది. తెలుగులో ఆ శిల్పం అనగానే గుర్తొచ్చే పుస్తకం నవీన్ 1969లో వెలువరించిన ‘అంపశయ్య’. రచయిత పేరుకు ముందు నవల పేరు చేరి ఆయన అంపశయ్య నవీన్ అయ్యారు.

మిగతా చోట్ల స్రవంతి పనికిరాదు, ప్రవాహమూ అంతంత మాత్రమే. చదువుల్లో స్ట్రీమ్ అంటే విద్యార్థి ఎంచుకున్న పాఠ్యాంశాల వరస. తెలుగు ఇళ్లలో దానికి గ్రూప్ అన్న మాట స్థిరపడి చాలా కాలమైంది. ఇంటర్‌లో ఏ గ్రూప్ అని అడుగుతారు, ఎంపీసీ అనో బైపీసీ అనో జవాబు వస్తుంది. రెవెన్యూ స్ట్రీమ్ ఆదాయ మార్గం అవుతుంది. ఫ్యాక్టరీ ఆన్ స్ట్రీమ్ వచ్చిందంటే ఉత్పత్తి మొదలైందని అర్థం. స్ట్రీమ్‌లైన్ చేయడమంటే గాడిలో పెట్టడం. క్రమబద్ధీకరించడం అని రాసేవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, గాడిలో పెట్టడం చెవికి ఇంపుగా ఉంటుంది, అర్థమూ సూటిగా అందుతుంది.

కంప్యూటర్ రంగంలో ఈ మాట మొదట తెగకుండా సాగే గుణం మీద ఆధారపడింది. ఒక ప్రోగ్రామ్ నుంచి వచ్చిన డేటాను ఇంకో ప్రోగ్రామ్‌కు తోటలో నీళ్ల గొట్టాలు బిగించినట్టు కలపగలగాలని బెల్ ల్యాబ్స్‌లో డగ్ మెక్‌ఇల్‌రాయ్ 1964లోనే రాసిపెట్టాడు. 1973లో ఆ ఆలోచనే పైప్‌ల రూపంలో యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లోకి వచ్చింది. ప్రోగ్రామ్‌కు డేటా వచ్చే దారి, ఫలితం పోయే దారి, తప్పుల సమాచారం పోయే దారి అని మూడు ప్రామాణిక స్ట్రీమ్‌లు స్థిరపడ్డాయి. 2014లో ప్రోగ్రామింగ్ భాష జావా 8తో వచ్చిన స్ట్రీమ్‌లలో ఈ గుణం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. లిస్ట్‌లోని వస్తువులను ఎన్నిసార్లయినా చూడవచ్చు. సాగిపోయిన నీరు వెనక్కి రానట్టే, స్ట్రీమ్‌లోంచి మాత్రం ఒక్కసారే తీసుకోగలం. వాడేసిన స్ట్రీమ్‌ను మళ్లీ వాడబోతే ప్రోగ్రామ్ ఇల్లీగల్ స్టేట్ ఎక్సెప్షన్ చూపించి ఆగిపోతుంది. కొత్తగా నేర్చుకునేవారు ఇక్కడ తరచూ తడబడతారు. పేరులోనే ఉన్న అర్థాన్ని ముందే విడమరిచి చెబితే ఆ తడబాటు ఉండదు.

వీడియో స్ట్రీమింగ్‌లోనూ తెగకుండా సాగడమే సూత్రం. డౌన్‌లోడ్‌లో ఫైలు మొత్తం దిగేదాకా ఆగాలి. స్ట్రీమింగ్‌లో కొన్ని సెకన్ల నిడివి ఉన్న ముక్కలు ఒకదాని వెనక ఒకటి వస్తుంటాయి, ముందొచ్చినవి ఆడుతుండగా వెనకవి చేరతాయి. నెట్‌ఫ్లిక్స్ 2007లో ఈ పద్ధతి మొదలుపెట్టింది, తెలుగు కోసమే పుట్టిన ఆహా 2020లో వచ్చింది. ఫలానా సినిమా ఎందులో స్ట్రీమ్ అవుతోంది అన్న ప్రశ్న ఇప్పుడు అచ్చమైన తెలుగు వాక్యమే. దీన్ని ప్రసారం అని మార్చాల్సిన పని లేదు. ప్రసారం రేడియోకు, టీవీకి పుట్టిన మాట. అందరికీ ఒకే సమయంలో ఒకటే అందడం అందులో ఉంది. ఎవరు కోరినప్పుడు వారికి అందే దానికి స్ట్రీమింగే సరైన పేరు. లైవ్ స్ట్రీమింగ్‌కైతే ప్రత్యక్ష ప్రసారం చక్కగా సరిపోతుంది.

రెండో గుణం దిక్కు. అసలు చిక్కంతా ఇక్కడే. నీటి విషయంలో తెలుగుకు ఏ ఇబ్బందీ లేదు. శ్రీశైలం ఎగువ, నాగార్జునసాగర్ దిగువ. ఆల్మట్టి ఇంకా ఎగువ. తెలంగాణ గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు మత్తడి దూకితే కింది చెరువు నిండుతుంది. రాయదుర్గం పక్కనే ఉండి, ఒకప్పుడు గోల్కొండ కోటకు తాగునీరు ఇచ్చిన దుర్గం చెరువు విషయంలోనూ వాలును చూసే ఎగువ, దిగువ తేలుతాయి. వాలు కంటికి కనిపిస్తుంది, అనుమానానికి తావుండదు.

సాఫ్ట్‌వేర్‌లో వాలు కనిపించదు. ఏది పారుతోందో తెలిస్తేనే ఏది ఎగువో తెలుస్తుంది. ఆర్డర్ల సిస్టమ్ నుంచి డేటా రిపోర్టుల సిస్టమ్‌కు వెళ్తుంటే మొదటిది ఎగువ, రెండోది దిగువ. గిట్‌హబ్‌లో ఒక ప్రాజెక్టును ఫోర్క్ చేసుకుంటే, అంటే సొంత నకలు తీసుకుంటే, అసలు ప్రాజెక్టు అప్‌స్ట్రీమ్. మార్పులు అక్కడి నుంచి దిగివస్తాయి. సొంత సవరణను అసలు ప్రాజెక్టుకు పంపడం ఏటికి ఎదురీదడమే. అలాగే లినక్స్ రకాల్లో డెబియన్ ఎగువ, దాని మీద ఆధారపడిన ఉబుంటు దిగువ.

వెబ్ సర్వర్ల దగ్గర లెక్క తిరగబడినట్టు కనిపిస్తుంది. బ్రౌజర్ అడిగిన పేజీ కోసం ఇంజిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ తన వెనకనున్న అప్లికేషన్‌ను అడుగుతుంది. జవాబు సమయానికి రాకపోతే లాగ్‌లో ‘అప్‌స్ట్రీమ్ టైమ్‌డ్ అవుట్’ అని పడుతుంది. అభ్యర్థన బ్రౌజర్ నుంచి బయల్దేరింది కదా, అదే ఎగువ కావాలి అనిపిస్తుంది. కానీ ఇంజిన్‌ఎక్స్ చూసేది పేజీ ఎక్కడి నుంచి వస్తుందన్నది. అందుకే దానికి అప్లికేషనే ఎగువ. 2022లో వెలువడిన హెచ్‌టీటీపీ ప్రమాణం ఈ గందరగోళానికి చోటివ్వలేదు. ఏ సందేశమైనా ఎగువ నుంచి దిగువకే వెళ్తుందని చెప్పింది. దాని ప్రకారం అభ్యర్థన వెళ్లేటప్పుడు బ్రౌజర్ ఎగువ, జవాబు వచ్చేటప్పుడు సర్వర్ ఎగువ. మారని దిక్కు చెప్పాలంటే, సర్వర్ వైపుకు ఇన్‌బౌండ్, వినియోగదారు వైపుకు అవుట్‌బౌండ్ అని వేరే మాటలు పెట్టింది.

ఈ కారణంగానే రాతలో అప్‌స్ట్రీమ్ ఇష్యూ అని ఊరుకోవడం చదివేవారికి అన్యాయం. అర్ధరాత్రి డ్యూటీలో ఉన్న ఇంజినీరుకు ఆ రెండు మాటలు ఏ దారీ చూపవు. ‘ఆర్డర్ల డేటా రాత్రి 2 గంటల నుంచి రావడం లేదు, రిపోర్టుల ప్రోగ్రామ్‌లో లోపం లేదు’ అని రాస్తే ఏది పారుతోందో, ఎక్కడ ఆగిందో, ఎవర్ని లేపాలో ఒక్క వాక్యంలో తేలిపోతుంది. మొదట పారే వస్తువు పేరు, తర్వాత దిక్కు అన్న క్రమం ఇంగ్లిష్‌లో రాసినా తెలుగులో రాసినా పాటించవలసిందే. తెలుగులో రాసేటప్పుడు ఎగువ, దిగువ అనే ధైర్యంగా వాడవచ్చు. రోజూ జలాశయాల వార్తలు చదివే పాఠకుడికి వాటిని ఎవరూ నేర్పనక్కర్లేదు.

హైదరాబాద్ నగరానికి ఇంకో కొసనున్న జీనోమ్ వ్యాలీలో ఇవే మాటలకు వేరే అర్థాలున్నాయి. బయోటెక్ మందుల తయారీలో కణాలను పెంచే దశ అప్‌స్ట్రీమ్, వాటి నుంచి మందును వేరుచేసి శుద్ధి చేసే దశ డౌన్‌స్ట్రీమ్. డీఎన్ఏ విషయంలో దిక్కును ఒప్పందంగా ఖాయం చేసుకున్నారు. పోగుకు ఒక కొస ఐదు ప్రైమ్, రెండో కొస మూడు ప్రైమ్. ఐదు ప్రైమ్ వైపు ఎగువ, మూడు ప్రైమ్ వైపు దిగువ. జన్యువును పనిలోకి దించే ప్రమోటర్ సాధారణంగా దాని ఎగువన ఉంటుంది. డీఎన్ఏ రెండు పోగులు ఎదురెదురు దిక్కుల్లో సాగుతాయి కాబట్టి జన్యువు రెండో పోగు మీద ఉంటే దాని ఎగువ భాగం మ్యాపులో కుడివైపున కనిపిస్తుంది.