డబ్బాలో గొర్ల ఉన్ని

మాచారెడ్డిలో మా ఇంట్లో ఉన్న రెండు స్పీకర్ డబ్బాలూ ప్లైవుడ్‌తో కొట్టించుకున్నవే. ఎవరు పాడినా వాటిలో గొంతు బిందెలో మూతి పెట్టి మాట్లాడినట్టు వచ్చేది. చుక్క సత్తయ్య ఒగ్గుకథ పెడితే మరీ బాధ. డోలు ఆగినా డబ్బా ఆగేది కాదు.

లోపలి ఎత్తు కొలిస్తే 34 సెంటీమీటర్లు. శబ్దం సెకనుకు సుమారు 344 మీటర్లు పోతుంది గనుక, పైకీ కిందికీ తగిలి తిరిగే అల 500 హెర్ట్జ్ దగ్గర నిలబడిపోతుంది. మనిషి గొంతు పలికే తావే అది. పలచని కాగితపు కోన్ దాన్ని ఆపలేదు. అసలు పాట వెనకాలే అదీ బయటికొస్తుంది.

ముందు గోడలకు అంగుళం మందం ఫెల్ట్ అంటించాను. పెద్దగా మారలేదు. గోడను ఆనుకున్న గాలి దాదాపు కదలదు, ఊగేదంతా నడుమనే. అక్కడ పీచు ఉంటేనే ఆ ఊపు రాపిడికి వేడిగా మారి అణుగుతుంది. 1965లో ఆర్థర్ బెయిలీ 'వైర్‌లెస్ వరల్డ్' పత్రికలో ఇందుకు పొడుగు పీచు గొర్రె ఉన్నిని వాడి చూపించాడు. చదవగానే మన కురుమలు గుర్తొచ్చారు. వాళ్లు గొంగళ్లు నేసింది దక్కని నల్లగొర్ల ఉన్నితోనే. ఇప్పుడు గొంగడి కప్పుకునేవాళ్లు తగ్గారు, వాటి చోట వచ్చిన నెల్లూరు రకం గొర్లకు ఉన్నే ఉండదు. ఉన్నవాటికి కత్తిరించింది కూడా చాలాచోట్ల పారబోస్తున్నారు. చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

పావుకిలో ఉన్ని తెచ్చి, కుంకుడు రసంలో రెండుసార్లు ఉతికి, నీడన ఆరబెట్టి, వేళ్లతో విప్పాను. అన్నివైపులా మూసిన మా ముప్పై లీటర్ల డబ్బాకు అది చాలు. నొక్కి కూరొద్దు, గాలి ఆడాలి. అడుక్కి జారకుండా ఉల్లిగడ్డల వలసంచిలో వేసి నడుమ వేలాడదీశాను. ముందు గాలి రంధ్రమున్న డబ్బాలైతే ఇంత పెట్టొద్దు, రంధ్రం దారిని ఖాళీగా వదలాలి.

ఒక్క డబ్బాలోనే పెట్టి, బ్యాలెన్స్ నాబ్ అటూ ఇటూ తిప్పుతూ విన్నాను. ఖాళీ డబ్బాలో సత్తయ్య బిందెలోంచి పలికాడు. ఉన్ని డబ్బాలో ఎదురుగా నిలబడి చెప్పాడు. డోలు కొట్టినంతసేపే మోగింది.

అరుగు మీద కూర్చున్న పక్కింటి కురుమ తాత లోపలికి తొంగి చూశాడు.

"తాళాలు దేనికది ఇనవడుతున్నయ్. కొత్త డబ్బాలా బిడ్డా?"

"పాతయే తాతా. లోపట గొర్ల ఉన్ని పెట్టిన."

రెండో డబ్బా ఇంకా ఖాళీగానే ఉంది. ఈసారి కత్తిరించింది పారెయ్యకుండా దాచిపెట్టమని తాతకు చెప్పాను.